పెద్ద సెన్సర్ కాంపాక్ట్ కెమెరా: జేబులో పట్టాలంటే ఏం వదులుకోవాలి?

ప్రశ్న · జేబుకెమెరా

నా దగ్గర ఒక మిర్రర్‌లెస్ బాడీ, రెండు లెన్సులు ఉన్నాయి. బరువు వల్ల రోజూ వెంట తీసుకెళ్లడం కుదరదు. ఫోన్‌లో తీసినవి తెర మీద బాగానే ఉంటాయి గానీ, పెద్ద ప్రింట్ వేసినా, నీడల్ని కాస్త పైకి లాగినా తేలిపోతున్నాయి. అందుకని పెద్ద సెన్సర్ ఉన్న కాంపాక్ట్ ఒకటి తీసుకుందామని చూస్తున్నా.

పరిశీలనలో ఉన్నవి: రికో జీఆర్ 3, జీఆర్ 3ఎక్స్, ఫుజీఫిల్మ్ ఎక్స్100వీఐ, జూమ్ కావాలనుకుంటే కెనాన్ జీ1 ఎక్స్ మార్క్ 3. సోనీ ఆర్‌ఎక్స్100 5ఏ కూడా చూశాను, కానీ సెన్సర్ చిన్నది (1 అంగుళం) కదా అని పక్కన పెట్టా.

వాడకం: వీధి ఫోటోలు, ప్రయాణాలు, ఇంట్లో పిల్లలు. వీడియో అక్కర్లేదు. రా ఫైళ్లే (సెన్సర్ ఇచ్చిన ముడి డేటా) తీస్తాను. స్పెక్స్ అందరూ చెబుతారు. వీటి అసలు లోపాలేంటో, అవి ఎందుకు వస్తాయో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 · నీడవెలుగు

ఆర్‌ఎక్స్100ని సెన్సర్ చిన్నదని పక్కన పెట్టానన్నారు కదా, ముందు అక్కడే ఆగుదాం. సెన్సర్ ఒక్కదాన్నే చూసి కొంటే మోసపోతాం. దాని ముందున్న లెన్సు ఎంత వెలుగు పంపుతుందో కూడా కలిపి చూడాలి. లెక్క తేలికే: ఎఫ్ నంబర్‌ని (లెన్సు అపర్చర్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె) క్రాప్ ఫ్యాక్టర్‌తో (ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కంటే ఇది ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకె) గుణించండి. అప్పుడు అన్ని కెమెరాలూ ఫుల్‌ఫ్రేమ్ కొలతలోకి వస్తాయి. అంకె ఎంత చిన్నదైతే ఆ కెమెరా అంత ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది.

ఎక్స్100వీఐ: ఎఫ్/2 × 1.5 = 3.
జీఆర్ 3: ఎఫ్/2.8 × 1.5 = 4.2.
జీ1 ఎక్స్ మార్క్ 3: వైడ్‌లో 2.8 × 1.6 = 4.5, జూమ్ చివర (72 మి.మీ.) 5.6 × 1.6 = దాదాపు 9.
ఆర్‌ఎక్స్100 5ఏ: వైడ్‌లో 1.8 × 2.7 = 4.9, జూమ్ చివర (70 మి.మీ.) 2.8 × 2.7 = 7.6.

చూశారా, జూమ్ చివర ఏపీఎస్-సి సెన్సర్ (మీ జాబితాలో రికో, ఫుజీ, కెనాన్‌లలో ఉన్నది ఈ సైజే) ఉన్న కెనాన్ కంటే 1 అంగుళం సోనీయే అర స్టాప్ ముందుంది (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). సెన్సర్ మూడింతలు పెద్దదయినా ఆ లాభం మొత్తం ఎఫ్/5.6 దగ్గర ఆవిరైపోయింది. కెనాన్ చేతగానితనం కాదిది. ఏపీఎస్-సి సెన్సర్‌కి 72 మి.మీ. దాకా ఎఫ్/2.8 ఇచ్చే జూమ్ లెన్సు చేస్తే అది 400 గ్రాముల కెమెరాలో ఇమడదు. కాంపాక్ట్‌లో సెన్సర్ పెంచితే జూమ్‌నైనా తగ్గించాలి, అపర్చర్‌నైనా మూయాలి. జీఆర్, ఎక్స్100 రెండూ జూమే వద్దనుకున్నాయి కాబట్టి లెక్కలో నెగ్గాయి. ఇంకో వింత: పానాసోనిక్ ఎల్ఎక్స్100 మార్క్ 2లో ఉన్నది ఏపీఎస్-సి కంటే చిన్నదైన ఫోర్ థర్డ్స్ సెన్సర్. అందులోనూ మొత్తం వాడదు, అయినా వైడ్‌లో 1.7 × 2.2 = 3.7 వస్తుంది. అంటే చీకట్లో జీఆర్ కంటే కాస్త మెరుగే.

అయితే ఈ లెక్క వెలుగు చాలనప్పటిది. ఎండలో అందరూ బేస్ ఐఎస్ఓలోనే (సెన్సర్ సున్నితత్వపు కింది మెట్టు) తీస్తారు, వెలుగుకి కొదవుండదు. అప్పుడు ఏ సెన్సర్ ఎక్కువ వెలుగు నింపుకోగలదో దానిదే పైచేయి. 1 అంగుళం సెన్సర్ 13.2 × 8.8 మి.మీ., ఏపీఎస్-సి 23.5 × 15.6 మి.మీ. వైశాల్యంలో మూడు రెట్లకు పైగా తేడా, అంటే ఒకటిన్నర స్టాప్ పైమాటే. నీడలు లాగితే తేలిపోతున్నాయన్నారు కదా, ఆ కష్టం తీరేది ఇక్కడే. పగటి వెలుగులో నీడల్ని మూడు స్టాప్‌లు లేపినా ఏపీఎస్-సి రా ఫైల్ తట్టుకుంటుంది.

నా మాట: పగలు బయట ఎక్కువ తీసేవాళ్లకి జీఆర్. సాయంత్రం గదుల్లో ఎక్కువ తీసేవాళ్లకి ఎక్స్100వీఐ. జూమ్ తప్పనిసరి అయితే పెద్ద సెన్సర్ మీద మోజు వదులుకుని ఎల్ఎక్స్100 మార్క్ 2, ఆర్‌ఎక్స్100 5ఏ వైపు చూడండి.

జవాబు 2 · ఎఫ్ఎనిమిది

పై లెక్కతో పేచీ లేదు. కానీ వీధి ఫోటోలకి జీఆర్‌ని గొప్పదాన్ని చేసింది సెన్సర్ కాదు, స్నాప్ ఫోకస్. దాని బలహీనత ఆటోఫోకస్. వెలుగు తగ్గితే లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ కూర్చుంటుంది, ఈలోపు మనిషి దాటిపోతాడు. ఈ లోపానికి మందు కెమెరాలోనే ఉంది.

మెనూలో ఫుల్ ప్రెస్ స్నాప్ ఆన్ చెయ్యండి. ఇక బటన్‌ని సగం నొక్కితే మామూలు ఆటోఫోకస్. ఆగకుండా ఒక్కసారే పూర్తిగా నొక్కితే ఫోకస్ వెతకదు, మీరు ముందే పెట్టిన దూరానికి లెన్సు వెళ్లి ఫోటో పడిపోతుంది. 1, 1.5, 2, 2.5, 3.5, 5 మీటర్లు, అనంతం, ఇలా దూరాలు ఎంచుకోవచ్చు.

ఏ దూరానికి ఏ అపర్చర్ అన్నదే కీలకం. జీఆర్ 3 లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ 18.3 మి.మీ. (ఫుల్‌ఫ్రేమ్‌లో 28 మి.మీ. లెక్క). ఏపీఎస్-సికి వాడే 0.02 మి.మీ. సర్కిల్ ఆఫ్ కన్ఫ్యూజన్‌తో (ఇంతకు మించి మసకైతే కంటికి పదును పోయినట్టు లెక్క) లెక్కేస్తే:

ఎఫ్/8, స్నాప్ 2.5 మీ.: 1.15 మీటర్ల నుంచి అనంతం దాకా పదునుగా ఉంటుంది.
ఎఫ్/8, స్నాప్ 1.5 మీ.: 0.9 నుంచి 5 మీటర్ల దాకా.
ఎఫ్/5.6, స్నాప్ 2 మీ.: 1.2 నుంచి 6 మీటర్ల దాకా.
ఎఫ్/2.8, స్నాప్ 1.5 మీ.: 1.2 నుంచి 2 మీటర్ల దాకా. ఇంతే.

చివరి వరస గుర్తుపెట్టుకోండి. రాత్రి వీధిలో ఎఫ్/2.8 తెరిచి పగటి అలవాటుతో స్నాప్ వాడి, ఫోటోలన్నీ మసకగా వచ్చాయని కెమెరాని తిట్టేవాళ్లు చాలామంది. రాత్రి ఎఫ్/4 దాకా మూసి ఐఎస్ఓ 6400కి పెంచడమే నయం. గరుకు వచ్చినా ఫర్వాలేదు, ఫోకస్ పోతే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు.

3ఎక్స్ కొంటే ఈ సుఖం సగానికి తగ్గుతుంది. దాని లెన్సు 26.1 మి.మీ., ఫుల్‌ఫ్రేమ్‌లో 40 మి.మీ. లెక్క. అదే ఎఫ్/8, అదే 2.5 మీటర్లు పెడితే పదును 1.6 నుంచి 6 మీటర్ల మధ్యే. మనుషుల ముఖాలకి, వంపు లేకుండా రావాల్సిన గోడలకి, కిటికీలకి 40 బాగుంటుంది. గురి చూడకుండా నడుము దగ్గర్నుంచి తీసే అలవాటుంటే 28 మి.మీ. జీఆర్ 3యే సరి.

క్రాప్ మోడ్ (ఫ్రేమ్ మధ్య భాగాన్నే కత్తిరించి జూమ్‌లా చూపేది) మీద పెద్ద ఆశలొద్దు. జీఆర్ 3లో 35కి క్రాప్ చేస్తే 24 మెగాపిక్సెళ్లు 15 అవుతాయి, 50కి 7 మిగులుతాయి. ఎక్స్100వీఐలో 40 ఉన్నాయి కాబట్టి 50కి 20, 70కి 10 వస్తాయి. అది వాడుకోదగ్గ క్రాపే.

షట్టర్ స్పీడ్: నడిచేవాళ్లకి 1/250, దగ్గరగా అడ్డంగా దాటేవాళ్లకి 1/500. ఆటో ఐఎస్ఓలో కనీస షట్టర్ స్పీడ్ 1/250 పెట్టి వదిలేయండి. బాడీలో ఉన్న స్టెబిలైజర్ మీ చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాడి నడకని కాదు.

జవాబు 3 · బ్లోయర్

అందరూ దాటేస్తున్న సంగతి దుమ్ము. లెన్సు బయటికి వచ్చి లోపలికి ముడుచుకునే ఏ కాంపాక్ట్‌కైనా ఈ జబ్బు రావచ్చు. లెన్సు సాగినప్పుడల్లా బాడీలో ఖాళీ పెరిగి గాలి లోపలికి వస్తుంది, ముడిచినప్పుడు పోతుంది. కొలిమి తిత్తి లాంటిదే. గాలితో వచ్చిన నలుసు సెన్సర్ అద్దం మీద కూర్చుంటే, లెన్సు ఊడదు కాబట్టి మీ చెయ్యి అక్కడికి చేరదు. పెద్ద సెన్సర్ అయినంత మాత్రాన ఈ బెడద తగ్గదు. జీఆర్ 3కి దుమ్ము, నీళ్లు ఆపే సీలింగ్ లేదు. జేబులో ఉండే నూలుపోగులే దానికి మొదటి శత్రువు.

నలుసు ఉందో లేదో చూసే పద్ధతి: ఐఎస్ఓ 100, ఎఫ్/16, మాన్యువల్ ఫోకస్ దగ్గరి దూరానికి పెట్టి, తెల్ల గోడనో మబ్బుల్లేని ఆకాశాన్నో తీయండి. షట్టర్ నెమ్మదైనా పర్లేదు, కెమెరాని కావాలనే కదిలించండి. గోడ మీది గీతలు చెదిరిపోతాయి, సెన్సర్ మీది నలుసు మాత్రం చోటు మారకుండా నల్ల చుక్కగా మిగులుతుంది. ఇప్పుడు ఎఫ్/2.8లో తీస్తే అదే చుక్క కనబడదు. ఎందుకంటే పెద్ద అపర్చర్‌లో వెలుగు నలుసుకి అన్ని పక్కల నుంచీ వాలుగా వచ్చి దాని నీడని చెరిపేస్తుంది. ముందు అద్దం మీద దుమ్ముంటే ఇలాంటి చుక్క రాదు, మహా అయితే ఎదురెండలో కాస్త మసకబారుతుంది. కాబట్టి ముందు అద్దం మీద చిన్న నలుసు చూసి కంగారు పడకండి.

చుక్క కనిపిస్తే మొదట మెనూలోని డస్ట్ రిమూవల్ నాలుగైదుసార్లు నడపండి. సెన్సర్‌ని అల్ట్రాసోనిక్‌గా కంపింపజేస్తుంది, పొడి నలుసులు చాలావరకు రాలిపోతాయి. జిగురు పట్టినవి రాలవు. తర్వాత రబ్బరు బ్లోయర్‌తో లెన్సు గొట్టం చుట్టూ బయటి వైపు మాత్రమే ఊదండి. డబ్బాలో వచ్చే కంప్రెస్డ్ ఎయిర్ వద్దు, దాని ఒత్తిడికి బయటున్న దుమ్ము కూడా లోపలికి పోతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టం లెన్సుకి ఆనించి లాగే చిట్కా కూడా తిరుగుతోంది. ఒక్కోసారి పని చేస్తుంది కూడా. కానీ ఆ లాగుడుకి షట్టర్ రేకులు, ఫోకస్ చేసే సన్న భాగాలు కదిలిపోతే పోయేది మొత్తం కెమెరా. నేనైతే చెయ్యమని చెప్పను.

అప్పటికీ పోకపోతే రెండే దారులు. సర్వీస్‌లో విప్పించి తుడిపించడం, లేదా చుక్కతోనే బతకడం. రా ఎడిటర్‌లో ఒక ఫోటోకి స్పాట్ రిమూవల్ చేసి మిగతా వాటికి సింక్ చెయ్యండి, చుక్క ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది కాబట్టి పని సులువు. నిలువు ఫోటోల్లో ఒకసారి సరిచూసుకోండి. ఎఫ్/8 దాటకుండా తీస్తే చాలా చుక్కలు అసలు కనిపించవు. ఈ సెన్సర్‌కి ఎఫ్/11, 16లలో డిఫ్రాక్షన్ (సన్న అపర్చర్‌లో వెలుగు చెదరడం) వల్ల ఎలాగూ పదును తగ్గుతుంది, అటు పోవాల్సిన పని తక్కువే.

రాకుండా చూడటమే అసలు వైద్యం: జిప్ ఉన్న చిన్న పౌచ్‌లో పెట్టి ఆ పౌచ్ జేబులో వేసుకోండి, పౌచ్‌ని నెలకోసారి లోపల తిరగేసి దులపండి. ఇసుక, పిండి, సిమెంటు గాలిలో ఎగిరే చోట లెన్సు తెరిచి మూసే పని పెట్టుకోకండి.

జేబుకెమెరా

అందరికీ థాంక్స్. లెక్క చూశాక జూమ్ ఆలోచన వదిలేశాను. ఇంకా రెండు అనుమానాలు. సాయంత్రం ఇంట్లో లైట్ల కింద పిల్లలు పరిగెడుతుంటే జీఆర్ ఎఫ్/2.8 చాలుతుందా? ఎక్స్100వీఐని నిజంగా జేబులో పెట్టుకోవచ్చా?

జవాబు 4 · కిటికీకన్ను

రెండో దానికి ముందు: పెట్టుకోలేరు. జీఆర్ 3 మందం 33 మి.మీ., బ్యాటరీ కార్డుతో 257 గ్రాములు. ఎక్స్100వీఐ మందం 55 మి.మీ., 521 గ్రాములు. కోటు జేబులో దూరుతుందేమో గానీ ప్యాంటు జేబు మాట మర్చిపోండి. దాన్ని మెడలోనో భుజానో వేసుకునే కెమెరా అనుకునే కొనాలి.

పిల్లల సంగతి. మామూలు ఇంటి లైట్లు ఈవీ (వెలుగు కొలత) 6 దగ్గర ఉంటాయనుకోండి. ఆ వెలుగులో 1/250 కావాలంటే ఎఫ్/2కి ఐఎస్ఓ 1600, ఎఫ్/2.8కి 3200, ఎఫ్/5.6కి 12,800. జీఆర్‌లో 3200 బాగానే ఉంటుంది, నాయిజ్ పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి ఎఫ్ఎనిమిది చెప్పిందే, ఆటోఫోకస్. పరిగెత్తే పిల్లాడి మీద ఫోకస్ నిలపడంలో ఎక్స్100వీఐ కళ్లని, ముఖాన్ని పట్టుకుని వెంటాడుతుంది, జీఆర్ 3 వెనకబడుతుంది. ఆ వెలుగులో స్నాప్ పెడితే పదును 80 సెంటీమీటర్ల మేరే కాబట్టి అదీ ఆదుకోదు.

ఫ్లాష్ విషయం ఎవరూ ఎత్తలేదు. ఎక్స్100వీఐలో చిన్న ఫ్లాష్ ఉంది. జీఆర్ 2లో ఉండేది, జీఆర్ 3లో తీసేశారు, హాట్‌షూలో (కెమెరా పైనున్న ఫ్లాష్ గాడి) విడిగా పెట్టుకోవాలి. రెండింటిలోనూ ఉన్నది లీఫ్ షట్టర్. రేకులు లెన్సులోపలే తెరుచుకుని మూసుకుంటాయి కాబట్టి మామూలు బాడీల్లో ఉండే 1/200, 1/250 సింక్ హద్దు (ఫ్లాష్‌తో వాడగలిగే గరిష్ఠ షట్టర్ స్పీడ్) దీనికి లేదు. ఎండలో 1/1000 దగ్గర కూడా చిన్న ఫ్లాష్‌తో ముఖం మీది నీడ తీసేయొచ్చు. చప్పుడు కూడా దాదాపు ఉండదు. ఈ కెమెరాల బలాల్లో జనం తక్కువగా వాడుకునేది ఇదే.

లీఫ్ షట్టర్‌కి ఓ ఇబ్బంది ఉంది. అపర్చర్ పెద్దగా తెరిస్తే రేకులు ఎక్కువ దూరం కదలాలి, అందుకే ఎఫ్/2.8లో జీఆర్ 3 1/2500 దగ్గర ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎఫ్/2.8లో ఓవర్ అయితే లోపలున్న, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేసుకోండి. జీఆర్‌లో 2 స్టాప్‌లు, ఎక్స్100వీఐలో 4.

వాన: ఎక్స్100వీఐకి సీలింగ్ ఉందని రాస్తారు గానీ లెన్సు ముందు భాగం తెరిచే ఉంటుంది. అడాప్టర్ రింగు, దాని మీద 49 మి.మీ. ప్రొటెక్షన్ ఫిల్టర్ బిగిస్తేనే ఆ సీలింగ్ పూర్తవుతుంది.  అవి పెట్టాక మందం ఇంకా పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక నా పక్షపాతం ఒప్పుకుంటా: ఎండలో తెర చూసి ఫ్రేమ్ కట్టడం నాకు నచ్చదు. జీఆర్‌కి వ్యూఫైండర్ లేదు, తెర కదలదు. ఎక్స్100వీఐలో ఆప్టికల్ వ్యూఫైండర్‌లో చూస్తే ఫ్రేమ్ బయట ఏం వస్తోందో కూడా కనబడుతుంది. పైగా బ్యాటరీ కలిసొస్తుంది.

జవాబు 5 · నీడవెలుగు

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి. జీఆర్ 3కి సీపా (కెమెరా తయారీదార్ల సంఘం) లెక్క ఒక బ్యాటరీకి 200 ఫోటోలు. చేతిలో పట్టుకుని తెర వెలిగించి ఎదురుచూసే వీధి వాడకంలో అంతకన్నా ముందే అయిపోవచ్చు. ఒక అదనపు బ్యాటరీ చాలదు, రెండు పెట్టుకోండి. బ్లూటూత్ ఆఫ్ చెయ్యండి, ఫోటో తీశాక వచ్చే ఇన్‌స్టంట్ రివ్యూ ఆఫ్ చెయ్యండి. స్లీప్‌లో ఉంచకుండా పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేసినా 0.8 సెకనులో సిద్ధమవుతుంది. కాకపోతే ఆపిన ప్రతిసారీ లెన్సు ముడుచుకుంటుంది, బ్లోయర్ గారు చెప్పిన దుమ్ము సంగతి అక్కడ మొదలవుతుంది. దుమ్ము ఉన్న చోట ఆన్‌లోనే ఉంచి బ్యాటరీ ఖర్చు చేసుకోండి, శుభ్రమైన చోట ఆపండి. యూఎస్‌బీ-సితో కెమెరాలోనే ఛార్జ్ అవుతుంది. గోడకి పెట్టే ఛార్జర్ విడిగా కొనాలి, లేదంటే ఛార్జ్ అయ్యేంతసేపూ కెమెరా కట్టేసినట్టే.

2025లో వచ్చిన జీఆర్ 4లో స్టెబిలైజర్ 3 నుంచి 5 అక్షాలకి పెరిగింది, లోపలి మెమరీ 2 జీబీ నుంచి 53 జీబీకి పెరిగింది. కార్డు మాత్రం మైక్రో ఎస్‌డీ అయిపోయింది, ఇంట్లో ఉన్న మామూలు కార్డులు పనికిరావు. వీధికి, ప్రయాణానికి జీఆర్ 3 చాలు, కొత్తదాని వెంట పడక్కర్లేదు.

వాడినది కొంటుంటే చేతిలోకి తీసుకున్న పది నిమిషాల్లో ఇవి చూడండి. అయిదారుసార్లు ఆన్, ఆఫ్ చేసి లెన్సు తడబడకుండా, గీరుకునే చప్పుడు లేకుండా వస్తోందా. బ్లోయర్ గారు జవాబు 3లో చెప్పిన ఎఫ్/16 గోడ ఫోటో. వెనక డయల్ ఒక్కో గంటు తిప్పితే ఒక్కో స్టెప్పే మారుతోందా, దాటేస్తోందా. ఇటుక గోడని ఎదురుగా నిలబడి ఎఫ్/2.8లో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి: నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే మామూలే. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లెన్సు లోపల పక్కకి జరిగింది, కిందపడిన కెమెరాలో తరచూ కనిపించే లక్షణం. నిటారుగా నిలబడలేదేమోనన్న అనుమానం రాకుండా కెమెరాని తలకిందులు చేసి మరోసారి తీయండి. మసక మూల కూడా ఎదురు మూలకి మారితే గోడనో మీ నిలబడ్డ తీరునో అనుమానించండి, ఫ్రేమ్‌లో అదే మూలలో ఉండిపోతే ఆ కెమెరా వదిలేయండి.